కొండ మీద కబుర్లు - 17: తేన్పు

పోయిన నెల అనంతగిరి అవతల ఒక కొండ ఊరికి వెళ్లాం. పోడు భూముల అర్జీలు రాయాలి. రోడ్డు లేదు, రెండు గెడ్డలు దాటి నడిచాం. మిట్టమధ్యాహ్నానికి పని అయింది. ఒక పెద్దామె మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, ఆనపకాయ బుర్రలోంచి చోడి అంబలి గిన్నెల్లోకి వంచింది. నాతో వచ్చిన కుర్రాళ్లు గటగటా తాగేశారు. నేను రెండు గుక్కలు తాగి గిన్నె పక్కన పెట్టాను. ఆమె కాసేపు చూసి, మెల్లగా అడిగింది.

"ఏటి బావూ, మా ఇంట్లో అంబలి తాగవా?"

మిత్రులారా, ఆ మాటకి నాకు నోట మాట రాలేదు.

మా పేటకి నా చిన్నప్పుడు జనాభా లెక్కలు రాసే మాస్టారు వచ్చేవారు. ఎండన పడి వచ్చారని మా అమ్మ చెంబు తోమి నీళ్లిచ్చేది. "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అనేవాడాయన. పెదాలు ఎండిపోయి ఉండేవి. ఆయన వెళ్లాక అమ్మ ఆ నీళ్లు మునగచెట్టు మొదట్లో పోసేసేది. ఏమీ అనేది కాదు. మహద్ చెరువులో నీళ్లు తాగడానికి 1927లో బాబాసాహెబ్ వేలమందిని ఎందుకు వెంటబెట్టుకెళ్లాడో పుస్తకం చదవకముందే నాకు ఆ మునగచెట్టు చెప్పింది. అందుకే ఇరవయ్యేళ్లుగా ఎక్కడికెళ్లినా, ఎవరింటికెళ్లినా, పెట్టింది తిన్నాను, పోసింది తాగాను. సహపంక్తి భోజనాలు పెట్టించాను. అలాంటివాణ్ణి, ఒక ఆదివాసీ తల్లి పోసిన అంబలి పక్కన పెట్టాను.

ఎందుకు పెట్టానో ఇవాళ చెబుతాను. సిగ్గుపడి ఇన్నాళ్లూ రాయలేదు. రోగం గురించి రాస్తే జాలి అడుక్కున్నట్టుంటుందని ఊరుకున్నాను.

నాకు గ్యాస్ ట్రబుల్ హాస్టల్లో మొదలైంది. సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివినవాళ్లకి తెలుసు, అక్కడ నిదానంగా తినేవాడికి రెండో వాయి దక్కదు. పప్పు నీళ్లు అయిపోకముందే కంచం ఖాళీ చేసి లేవాలి. నమలడం అనేది మేం నేర్చుకోలేదు, మింగడం నేర్చుకున్నాం. తర్వాత ఉద్యమం. రాత్రి బస్సులు, టీలు, మిరపకాయ బజ్జీలు, పదకొండు గంటలకు భోజనం, పన్నెండుకి పడక. ముప్పై అయిదు దాటేసరికి అర్ధరాత్రి గొంతులోకి పులుపు ఎగదన్నేది. దగ్గుతూ లేచి గోడకి ఆనుకుని తెల్లార్లూ కూర్చునేవాణ్ణి. దాదాపు పదేళ్లు పాంటాప్రజోల్ మీదే బతికాను. చివరికి విశాఖలో ఎండోస్కోపీ చేసి హయాటస్ హెర్నియా అన్నారు. అన్నవాహిక ఛాతీలోంచి పొట్టలోకి దిగే చోట ఉదరవితానంలో ఒక సందు ఉంటుంది. అది వదులై జీర్ణాశయం పైకి జారింది.

2019లో ఆపరేషన్ చేయించుకున్నాను. జారిన జీర్ణాశయాన్ని కిందికి లాగి, సందు బిగించి, జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చివర చుట్టూ తిప్పి కుట్టేస్తారు. తలపాగా చుట్టినట్టన్నమాట. మా తాత కంబారి. కామందు వీధిలో తలకి తువ్వాలు చుట్టుకు నడవడానికి వీల్లేదు, తీసి చంకలో పెట్టుకోవాలి. "తాతకి లేని తలపాగా నా కడుపుకి దక్కింది" అని ఆపరేషనయిన మర్నాడు మా ఆవిడతో జోకేశాను. నవ్వితే అయిదు కన్నాల దగ్గరా కుట్లు లాగాయి.

ఈ ఆపరేషన్ కనిపెట్టినాయన పేరు రుడాల్ఫ్ నిస్సెన్. జర్మనీలో పేరున్న సర్జన్, యూదుడు. 1933లో హిట్లర్ వచ్చాక దేశం వదిలి ఇస్తాంబుల్ చేరాడు, అక్కణ్ణుంచి అమెరికా వెళ్లాడు. 1948లో ఐన్‌స్టీన్ పొట్టలో ఉబ్బిన రక్తనాళానికి ఆపరేషన్ చేసింది ఆయనే. తర్వాత స్విట్జర్లాండులోని బాసెల్‌లో ఉండగా 1956లో ఈ చుట్టు పద్ధతిని ప్రకటించాడు. పుట్టుక కారణంగా వెలివేయబడ్డవాడి చేతి పని నా కడుపులో ఉందని తెలిసినప్పుడు ఒకరకమైన ఆత్మీయత కలిగింది. అబద్ధమెందుకు, మంట పూర్తిగా పోయింది. పదేళ్ల తర్వాత వెల్లకిలా పడుకుని నిద్రపోయాను. ఆపరేషన్ పనికిరానిదని నేననను.

కానీ తేన్పు పోయింది.

నవ్వకండి. పైకి ఎగదన్నకుండా వేసిన తలుపు గాలిని కూడా పైకి రానివ్వదు. తిన్నప్పుడల్లా, మాట్లాడినప్పుడల్లా మనం గాలి మింగుతాం. అది పైనుంచి పోకపోతే కడుపులోనే తిరుగుతుంది. సాయంత్రానికి పొట్ట డప్పులా బిగుసుకుంటుంది. మీటింగులో మైకు పట్టుకుని నిలబడితే ఊపిరాడదు. చివరికది కిందినుంచి పోవాలి. నలుగురిలో తిరిగేవాడికి అదెంత అవమానమో చెప్పక్కర్లేదు. వాంతి కూడా రాదు. అరకు ఘాట్ మలుపుల్లో బస్సులో సగంమంది కిటికీల్లోంచి తలలు బయట పెడతారు. నాకు కడుపులో తిప్పుతుంది, డోకు వస్తుంది, ఏమీ బయటికి రాదు. తీపి తిన్న అరగంటకి ఒళ్లంతా చెమటలు, గుండె దడ. తిన్నది పేగుల్లోకి ఒక్కసారిగా దిగిపోతే అలా అవుతుందట, డంపింగ్ అంటారు. అన్నిటికన్నా పెద్ద కష్టం మింగడం. అన్నం ముద్ద ఛాతీ మధ్యలో ఆగిపోతుంది. దాని మీద నీళ్లు తాగితే నీళ్లూ అక్కడే నిలబడతాయి.

మొదటి రెండు నెలలు వాపు వల్ల ఎవరికైనా అలా ఉంటుందన్నారు. ఆర్నెల్లయింది, ఏడాదయింది. అడిగితే "ఆపరేషన్ సక్సెస్, మీరు టెన్షన్ పడుతున్నారు" అన్నారు. ఫిర్యాదు చేసేవాడిదే లోపం అని తేల్చే పద్ధతి మనకి కొత్త కాదు కదా. కాకపోతే పోలీస్ స్టేషన్లో ఆ మాట అంటే గట్టిగా అడిగేవాణ్ణి, ఆసుపత్రిలో తలొంచుకుని వచ్చేశాను. తెల్లకోటు ముందు మా తాత తువ్వాలు నా చంకలోకి వచ్చేసింది.

రెండేళ్ల తర్వాత వేరేచోట ఒక డాక్టరమ్మ ఓపిగ్గా విన్నారు. బేరియం తాగించి ఎక్స్‌రే తీయించారు. మానోమెట్రీ చేయించారు. ముక్కులోంచి సన్నటి గొట్టం దించి, గుక్క గుక్కగా నీళ్లు తాగిస్తూ, అన్నవాహిక కండరం ఎంత బలంగా కిందికి నెడుతోందో కొలిచే పరీక్ష అది. నా కండరం బలహీనంగా ఉందని తేలింది. నెట్టే బలం తక్కువున్నవాళ్లకి మామూలుగా చుట్టూ పూర్తిగా కుట్టరు. టూపే పద్ధతిలో 270 డిగ్రీలే చుట్టి కాస్త సందు వదులుతారు. నాకు 360 డిగ్రీలు చుట్టేశారు. ఆ పరీక్ష ఆపరేషన్‌కి ముందు చెయ్యాలని నాకు తెలియదు, వాళ్లు చెయ్యలేదు. బలహీనత ముందునుంచీ ఉందో, చుట్టు బిగిసి తర్వాత వచ్చిందో ఇప్పుడు తేల్చి చెప్పడం కష్టం అన్నారామె. నేను సంతకం పెట్టిన కాగితం ఇంగ్లీషులో మూడు పేజీలుంది. ఊరూరా తిరిగి "చదవకుండా వేలిముద్ర వెయ్యకండి" అని చెప్పేవాణ్ణి నేనే.

రెండు దారులున్నాయన్నారు. ఎండోస్కోపీతో బెలూన్ దించి సందు సాగదియ్యడం ఒకటి. చుట్టు విప్పి, సగం చుట్టుగా మార్చి కుట్టే రెండో ఆపరేషన్ ఇంకొకటి. మొదటిదానికన్నా రెండోది కష్టం, లోపల అంతా అతుక్కుపోయి ఉంటుంది. బెలూన్ ఒకసారి చేయించాను, ముద్ద దిగడం కొంత నయమైంది. రెండో ఆపరేషన్ మాటకి ఇంకా తేల్చుకోలేదు. అరకు నుంచి విశాఖకి నూట పదిహేను కిలోమీటర్లు. నాకు బస్సుంది, రైలుంది. డోలీలో మోసుకొచ్చే కొండ మీది మనిషికి ఈ పరీక్షల పేర్లు ఎవరు చెబుతారు అని ఆలోచిస్తుంటాను.

ఈలోగా బతకడం నేర్చుకుంటున్నాను. రోజుకి ఆరుసార్లు, గుప్పెడు గుప్పెడు. ముద్ద నోట్లో నీళ్లయ్యేదాకా నమలాలి. తింటూ నీళ్లు తాగకూడదు, తింటూ మాట్లాడకూడదు. సోడా వద్దు, గటగటా తాగడం వద్దు. రాత్రి ఏడు లోపే తినేసి కాసేపు నడవాలి. సామల జావ బాగా దిగుతుంది. ఇక్కడ పండే రాజ్‌మా నాకు పగ. అరకులో కాపురముండి కాఫీ వాసన మాత్రమే చూసేవాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

ఆసుపత్రిలో ఒక డైట్ కాగితం ఇచ్చారు. ఇడ్లీ, పెరుగన్నం, ఉడికిన కూరగాయలు. తినకూడనివాటిలో చికెన్ ఫ్రై ఉంది, మటన్ ఉంది. పెద్దమాంసం పేరు వద్దన్నవాటిలో కూడా లేదు. మా తిండి నిషేధించడానికైనా వాళ్లకి గుర్తురాలేదు. మా ఆవిడే దారి కనిపెట్టింది. మెత్తగా కొట్టించి, కారం తగ్గించి, చారులా వండుతుంది. ఆర్నెల్లు ఆమె రోజుకి రెండు వంటలు వండిందని, నేను తినలేక లేచిపోయినప్పుడు తానూ సగం తిని లేచేదని నేను గమనించలేదు. ఒకరోజు అనేసింది: "ఊళ్లో అందరి ఆకలీ నీకు కనబడతది. నాది కనబడదు." ఆ రోజునుంచి నా జావ నేనే కాచుకుంటున్నాను. పొగడొద్దు, ఎప్పుడో చెయ్యాల్సిన పని.

తేన్పు గురించి ఎందుకింత బాధంటే ఒక కారణముంది. చిన్నప్పుడు మేం తినడం అవగానే అమ్మ అడిగేది: "తేన్పొచ్చిందా?" వచ్చిందంటే బిడ్డ కడుపు నిండినట్టు. అప్పుడు అడుగున మిగిలింది తను తినేది. రాలేదంటే తన ముద్ద మాకు పెట్టేసేది. అందుకని మా అన్న, నేను దొంగ తేన్పులు తేన్చేవాళ్లం. ఇప్పుడు అమ్మకి ఎనభై దగ్గర పడింది. పండక్కి వెళ్తే కంచం దగ్గర కూర్చుని అదే మాట అడుగుతుంది. దొంగ తేన్పు కూడా తేన్చలేను. "వచ్చిందమ్మా" అంటాను.

మీకో మాట. ఈ ఆపరేషన్ ఎవరికైనా చెప్తే భయపడి పారిపోకండి, చాలామందికి మేలు చేసిందే. కానీ అడగండి. మానోమెట్రీ చేశారా? పూర్తి చుట్టా, సగం చుట్టా, ఎందుకు? తర్వాత మింగలేకపోతే ఏం చేస్తారు? తెలుగులో చెప్పమనండి. ఆపరేషనయ్యాక ఉమ్మి కూడా దిగకపోయినా, ఒళ్లు తగ్గిపోతున్నా, విరేచనం నల్లగా వస్తున్నా టెన్షన్ అంటే నమ్మి ఇంట్లో కూర్చోకండి.

ఆ పెద్దామె దగ్గరికి వస్తాను. "అలా కాదమ్మా" అని గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. చొక్కా పైకెత్తి కన్నాల మచ్చలు చూపించాను. గొంతు దగ్గర్నుంచి కడుపు దాకా వేలితో గీసి, ఇక్కడ బిగించారు, నిదానంగా తాగాలి అని చెప్పాను. ఆమె దగ్గరికొచ్చి మచ్చలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. లోపలికెళ్లి ఒక చిన్న అడ్డాకు దొన్నె తెచ్చింది. గిన్నెలో అంబలి కొంచెం కొంచెం దొన్నెలోకి వంచి ఇచ్చింది. దొన్నె ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చుని, మళ్లీ కొంచెం వంచింది. కుర్రాళ్లు పొద్దు పోతోందని తొందరపడ్డారు. "ఉండండి, తాగనీండి" అంది.

గిన్నె అయ్యేసరికి నలభై నిమిషాలు పట్టింది. మొత్తం తాగాను. దిగేటప్పటికి గెడ్డ దగ్గర చీకటి పడింది, సెల్ లైట్లు వేసుకుని దాటాం.

జై భీమ్.