మళ్లీ శిష్యుడిగా



భద్రాచలం అడవి అంచున ఉన్న మన చిన్న మందిరంలో ముప్పై ఏళ్లుగా పాటలకు నేనే ఫ్లూటు వాయిస్తున్నాను. పోయిన శనివారం ప్రాక్టీసులో కీబోర్డు వాయించే తమ్ముడు, "అయ్యగారూ, రెండో చరణంలో స్వరం తప్పుతోందండీ" అన్నాడు.

"నువ్వు పుట్టకముందు నుంచి వాయిస్తున్నా" అన్నాను. అతను తల దించుకున్నాడు.

ఆ రాత్రి పక్క ఊరి పెళ్లిలో నాదస్వరం వినిపిస్తుంటే షేక్ చినమౌలానా గారు గుర్తొచ్చారు. 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో, నాదస్వరం వాయించే ఇంట పుట్టారాయన. తండ్రి దగ్గర, తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ గారి దగ్గర నేర్చుకున్నారు. కచేరీలు చేస్తున్న విద్వాంసుడై ఉండి కూడా, తంజావూరు బాణీ కోసం తమిళనాడు వెళ్లి నాచ్చియార్‌కోయిల్ సోదరుల ముందు మళ్లీ శిష్యుడిగా కూర్చున్నారు. 1998లో సంగీత కళానిధి అయ్యింది ఆ శిష్యుడే.

వెదురు లోపల ఖాళీగా ఉంటేనే ఊపిరి పాటవుతుంది. నా లోపల గర్వం నిండి ఉంది.

తెల్లవారగానే ఆ అబ్బాయి ఇంటికెళ్లి, "తమ్ముడూ, ఆ చరణం నాకు నేర్పు" అన్నాను. చాపేసి కూర్చోబెట్టాడు.

ఇంకా సరిగ్గా రాలేదు. ఈ ఆదివారం తప్పితే, నా కోసం ప్రార్థించండి.