రబ్బరు బుష్షులో తితిక్షా దర్శనము

శమాది షట్క సంపత్తిలో తితిక్ష ఒకటి. శీతోష్ణములను, సుఖదుఃఖములను విలపింపక సహించుటయే దాని లక్షణము. మా పాత అంబాసిడర్ కారు ఈ నడుమ నన్ను మరల ఆ పదముపై విచారణకు పురికొల్పినది.

మాసమునకొకమారు మా మాతృమూర్తిని ఆ కారులోనే వైద్యుని యొద్దకు గొనిపోవుదును. గతుకు తగిలినప్పుడెల్ల వెనుకనుండి లోహధ్వని, ఆ వెంటనే అమ్మ మూలుగు. “వార్ధక్యము, సహింపవలెను” అనిరి బంధువులు. తన బాధను సహించుట తితిక్ష. నివారింపదగిన పరుల బాధను చూచి సహించుట ఉపేక్ష.

వెనుక కమాను పట్టీల చివర, షాకిల్సులో రబ్బరు బుష్షులు అరిగినవని మెకానిక్ తేల్చెను. ఇనుమునకు ఇనుమునకు నడుమ నిలిచి ఒరిపిడిని తాను గ్రహించుటే వాని ధర్మము. రెండు వైపులా సమముగా నుండవలెనని అన్నిటిని మార్చెను. గ్రీజు రబ్బరును ఉబ్బించునని సబ్బునీటితో ఎక్కించెను. అయితే కారు జాకీలపై నుండగా నట్లను పూర్తిగా బిగింపలేదు.

“పంతులుగారూ, గాలిలో బిగిస్తే బరువు పడగానే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. చక్రాలు నేలకు ఆనాకే గట్టిగా బిగించాలి” అనెను.

సాధన కూడ అట్టిదే. ఏకాంతమున బిగించుకొన్న నియమము సంసారభారము పడగానే మెలిపడును. భారము మోయుచు బిగించుకొన్న సహనమే నిలుచును. అది నడుమ నిలిచి ఇతరుల నొప్పిని తగ్గించును.

స్వస్తి.