సున్నపు కొండ దగ్గర

15 జూన్ 2024, శనివారం

లానమనెక్. ఊరి నడివీధే సరిహద్దు. ఒక వరస ఇళ్లు ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌వి, ఎదుటి వరస వేల్స్‌లోని పౌయిస్‌ది. ఆదివారాలు పబ్బులు మూసెయ్యాలని 1881లో వేల్స్‌కు చట్టం వచ్చింది. ఇక్కడి లయన్ పబ్బు గదులు సరిహద్దుకు అటూ ఇటూ ఉండేవి కాబట్టి, ఆదివారం పూట ఇంగ్లండ్ వైపు గదిలోనే తాగాల్సి వచ్చేది. 8వ శతాబ్దంలో మెర్సియా రాజు ఆఫా వేయించిన మట్టికట్ట కూడా ఈ కొండ మీదుగానే పోతుంది. రాజులూ చట్టాలూ ఎన్ని గీతలు గీసినా, కొండంతా ఒకటే సున్నపురాయి. రెండు వైపులా క్వారీలే.

16 జూన్, ఆదివారం

లానమనెక్‌లోని హాఫ్‌మన్ సున్నపు బట్టీలో చాలాసేపు ఉన్నాను. కోలగా చుట్టూ తిరిగే ఇటుక సొరంగం, 14 అరలు. ఒకసారి రాజేస్తే మంట ఆరనక్కర్లేదు, అర నుంచి అరకు జరుగుతూ పోతుంది. కాలే అరలోని వేడి పొగ ముందున్న పచ్చి రాయిని వెచ్చబెడుతుంది. వెనక అరల్లో చల్లారుతున్న సున్నం మీదుగా వచ్చే గాలి వేడెక్కి మంటకు చేరుతుంది. బొగ్గును పైకప్పు కంతల్లోంచి పోసేవారు. వేడి వృథా పోకుండా ఎంత చక్కగా ఆలోచించారో! ఇలాంటి సున్నపు బట్టీలు బ్రిటన్‌లో మూడే మిగిలాయి. పొగగొట్టం నిలిచి ఉన్నది దీనికే. 1914లో ఆరిపోయింది.

నూరు కిలోల మంచి సున్నపురాయి కాలిస్తే మిగిలేది సుమారు 56 కిలోలు. మిగతాదంతా గాలిలో కలిసిపోతుంది. ఆ 56 కిలోలనూ బట్టీ పూర్తిగా చల్లారకముందే లోపలికి దూరి ఎత్తాలి. చెమట పట్టిన ఒంటి మీద కాల్చిన సున్నం పడితే ఎలా ఉంటుందో మా పల్నాడు వాళ్లకు చెప్పనక్కర్లేదు. పిడుగురాళ్ల బట్టీల దగ్గర మొహానికి తుండుగుడ్డ చుట్టుకుని పనిచేసేవాళ్లను చూస్తూ పెరిగాం. 1858 నాటి పేటెంట్ పుణ్యమా అని హాఫ్‌మన్ పేరు నిలిచింది. ఇక్కడ సున్నం ఎత్తినవాళ్ల పేర్లు కూడా గోడ మీద చెక్కి ఉంటే ఎంత బాగుండేది.

22 జూన్, శనివారం

క్వారీ నేల మీద మోకాళ్లూని కూచుంటే గానీ కనపడలేదు బీ ఆర్కిడ్. జానెడు కాడ, మూడు గులాబీ రెక్కలు, మధ్యలో అచ్చం తేనెటీగ వీపులా ముదురు గోధుమరంగు నూగు, దాని మీద పసుపు గీతలు. మగ తేనెటీగను రప్పించడానికే ఈ వేషం. కానీ దీనికి తగిన తేనెటీగ ఈ దేశంలో దాదాపు కనపడదు. అందుకని పుప్పొడి ముద్దలు సన్నటి తొడిమల మీద తామే కిందికి వంగి, గాలికి ఊగి, అదే పువ్వు కీలాగ్రానికి అంటుకుంటాయి. ఒకటి అలా వంగి ఉండగా చూశాను.

పైమట్టిని తవ్విపారేశారు కాబట్టే ఈ పూలు ఇక్కడ ఉన్నాయి. సారం లేని పలచటి సున్నపు నేలలో గడ్డి బలిసి వీటిని మింగెయ్యలేదు. రాయి పగలగొట్టగా మిగిలిన నిట్టనిలువు గోడ మీద పెరెగ్రిన్ డేగలు గూడు పెడతాయి. అలాగని వదిలేస్తే సరిపోదు. ముళ్లపొదలు, యాష్ మొక్కలు కమ్ముకొస్తాయి. సరిహద్దుకు రెండు పక్కలా ఉన్న వన్యప్రాణి ట్రస్టులు వాటిని కొట్టించి నేలకు ఎండ తగలనిస్తున్నాయి. ఒకనాడు గునపం చేసిన పని ఇప్పుడు కత్తి చేస్తోంది. ప్రకృతి అంటే మనిషి చెయ్యి పడనిది అని చిన్నప్పటి నుంచీ చదువుకున్న మాట ఈ కొండ మీద నిలబడదు.

6 జూలై, శనివారం

పొంట్‌కసల్టె కాలువ వంతెన. ఇంజినీర్లు టెల్‌ఫర్డ్, జెస్సప్ కట్టించారు, 1805లో తెరిచారు. డీ నదికి 38 మీటర్ల ఎత్తున, 307 మీటర్ల పొడవున పోత ఇనుప తొట్టిలో కాలువ. ఒక వైపే రెయిలింగ్. 2009లో యునెస్కో గుర్తించింది. జనం బాగా ఉన్నారు. గొప్ప కట్టడమే, సందేహం లేదు. అయినా మనసు లానమనెక్ మీదే ఉంది.

20 జూలై, శనివారం

మాంట్‌గొమరీ కాలువ గట్టున. 1796లో ఇది లానమనెక్ దాకా వచ్చింది. రాయి పడవలకెక్కి లోపలి ఊళ్లకు పోయేది, అక్కడి బట్టీల్లో కాల్చి పొలాలకు చల్లేవారు. కాల్చిన సున్నాన్నే పడవలో పంపితే, నీళ్లు తగలగానే కుతకుతలాడి పడవకే ముప్పు. 1936లో గట్టు తెగింది. 1944లో చట్టం చేసి కాలువను వదిలేశారు.

ఆ నిశ్చలమైన నీళ్లలో ఫ్లోటింగ్ వాటర్ ప్లాంటైన్ స్థిరపడింది. అసలు ఇది వేల్స్ కొండల్లోని చెరువుల మొక్క. నీటి మీద తేలే కోల ఆకులు, మూడు తెల్లటి రెక్కలు, మొదట్లో పసుపు మచ్చ. యూరప్ అంతటా అరుదైపోతున్నది ఇక్కడ విరివిగా ఉంది. 1969 నుంచి కాలువను మళ్లీ తవ్వుతున్నారు, పడవలు తిరగాలని. పడవలు ఎక్కువైతే బురద లేచి మొక్క చస్తుంది. అసలు లేకపోతే రెల్లు కమ్మేసి చస్తుంది. అందుకే కాలువ పక్కనే వేరుగా మడుగులు తవ్వి మొక్కకు చోటిస్తున్నారు.

పడవలు రావాలనే నేనూ కోరుకుంటాను, కాకపోతే తక్కువగా, మెల్లగా. మడుగుల్లో మొక్క నిలదొక్కుకున్నాకే ఆ పక్క లాకులు తెరవాలి. తొందరేముంది?