మా యింటి బొంతలు

నేను ఈ పాఠశాలలో చదువుకొన్న దినములలో కుట్టుపని గంట యనిన నాకు మిక్కిలి విసుగుగా నుండెడిది. రుమాలు అంచు మడచి కుట్టుమనిన మూలలన్నియు వంకరపోయెడివి. ఉపాధ్యాయినిగారు విప్పి మరల కుట్టుమనెడివారు. అట్టి నేను నేడు సూదిదారములతోనే కుటుంబము నడుపుచున్నానని విన్నచో నాతోడి బాలికలు తప్పక నవ్వుదురు. పత్రికకు ఏదైన వ్రాసి పంపుమని పాఠశాలవారు కోరినందున, నాకు బాగుగా తెలిసినది బొంత యొక్కటియే కావున దానినిగూర్చియే వ్రాయుచున్నాను.

మన భాషలో బొంతకు గొప్ప పేరు లేదు. “గంతకు తగిన బొంత” యని వెక్కిరింతురు. పొందికలేని ప్రభుత్వము నేర్పడినచో పత్రికలవారు దానిని “అతుకుల బొంత” యందురు. ఒక్క బొంతనైనను కుట్టి చూచినవారు ఆ పోలిక చేయరని నా నమ్మకము. సరిగా కుట్టిన బొంత ఇరువది యేండ్లైనను విడిపోదు.

మా నాయనమ్మ మంచముక్రింద నొక చెక్కపెట్టె యుండెడిది. చిఱిగిన చీరలను ఆమె పాఱవేయనిచ్చెడిది కాదు. మెత్తబడిన నూలుచీరను పుట్టబోవు బిడ్డకొఱకును, గట్టిగా నున్న దానిని పెద్దవారి పడకకొఱకును వేఱువేఱుగా మడచి పెట్టెడిది. ఎన్నియో ఉతుకులు తిన్న నూలుగుడ్డయే పసివాని యొంటికి హాయి యని ఆమె చెప్పెడిది. ఆ మాట నిజమని నా బిడ్డలు పుట్టినపుడు తెలిసికొంటిని.

నూలుచీర సుమారు 18 అడుగుల పొడవు, 46 అంగుళముల పన్నా యుండును. దానిని పొడవున మూడు మడతలు వేసిన 6 అడుగుల పొడవును ఇంచుమించు 4 అడుగుల వెడల్పును గల మూడు పొరలగును. రెండు చీరలు చేరినచో ఆఱు పొరలు. ఒక మనిషి పండుకొనుటకు చాలిన బొంత. దానిని నేలపై పఱచి, ముడుతలు లేకుండ చేతితో నొత్తి, కదలకుండ దూరదూరముగా తాత్కాలికపు కుట్లు వేసి, పిమ్మట అంగుళమునకొక వరుసచొప్పున ఈ చివరనుండి ఆ చివరవఱకు కుట్టుకొని పోవలెను. దారమునకు మైనము రాచినచో చిక్కుపడదు. మొదటి వరుస వంకరయైనచో తక్కిన వరుసలన్నియు ఆ వంకరనే అనుసరించును.

2020వ సంవత్సరమున కరోనా వ్యాధివలన ఊరంతయు మూతపడినపుడు మా వారి దుకాణముకూడ మూతపడెను; మరల తెఱచుటకు పెట్టుబడి లేకపోయెను. పొరుగింటి మనుమరాలికి నేను ఊరకనే కుట్టి యిచ్చిన చిన్నబొంతను చూచి వారి చుట్టము లొకరు తమకును కావలెననిరి. ధర యడిగిరి. నాకు ధర చెప్పుట తెలియదు. “మీకు తోచినంత” యంటిని. అది నేను చేసిన మొదటి తప్పు.

మా అత్తగారికి ఈ పని బొత్తిగా నచ్చలేదు. “పాతబట్టలు కుట్టి అమ్ముకొను దశ మనకేల? చుట్టములు విన్న నేమనుకొందురు?” అని రెండు దినములు నాతో మాటలాడలేదు. నేనును బదులు చెప్పలేదు. బియ్యపు డబ్బా సంగతి ఆమెకును తెలియును.

ఆ యేడు పెద్దబొంతను 600 రూపాయలకు కుట్టితిని. తెచ్చినవారందఱు “చీరలు మావే గదా, దారమునకెంత యగును?” అనెడివారు. ఒకనాటి రాత్రి కాగితము తీసికొని లెక్క వేసితిని. 46 అంగుళముల వెడల్పునకు 46 వరుసలు. వరుస 72 అంగుళములు. అంగుళమునకు నాలుగు కుట్లు. మొత్తము పదమూడు వేలకు పైగా కుట్లు! వరుసకు నలువది నిమిషములు పట్టును గనుక ముప్పది గంటలు దాటును. దారమునకు 80 రూపాయలు పోగా గంటకు పదునేడు రూపాయలైనను గిట్టుట లేదు. ఆ కాగితమును మా అత్తగారికి చదివి వినిపించితిని. ఆమె చాలసేపు ఊరకుండి, “మా అమ్మ కుట్టినపుడు ఎవరును లెక్కపెట్టలేదు” అనెను. మఱునాటినుండి ధర 2,400 రూపాయలంటిని. సగముమంది మరల రాలేదు. మిగిలినవారు వచ్చిరి. ముక్కలు జతచేయుటయు అంచులును కుట్టుమిషనుపై చేయుదునని, వరుసలు మాత్రము చేతికుట్టేయని ముందే చెప్పుచున్నాను.

ఈ విద్య మన యూరిదే యని నేను కొంత గర్వపడుచుంటిని. వంగదేశపు కాంథాయు, బీహారునందలి సుజనీయు పాతగుడ్డల పొరలనుండి పుట్టినవే యని తరువాత తెలిసినది. కర్ణాటకమునందలి సిద్దీ స్త్రీలు తమ కవందిని అంచునుండి మొదలిడి నడిమికి కుట్టుకొని వత్తురట; అది చదివి నేనొకటి ప్రయత్నించి, నడుమ గుడ్డ బుడిపెకట్టగా విప్పివేసితిని. అమెరికాలోని అలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అను పల్లె కలదు. అచ్చట బానిసలుగా నుండినవారి సంతతికి చెందిన నల్లజాతి స్త్రీలు అరిగిన పనిబట్టలతో బొంతలు కుట్టెడివారు. 2002లో హ్యూస్టను నగరపు చిత్రశాలలో వానిని గోడలకు తగిలించి చూపిరి. 2006లో ఆ దేశపు తపాలా బిళ్ళలపై ముద్రించిరి. ఆ బొమ్మలను ఫోనులో మా అత్తగారికి చూపితిని. “ఇది వంకరగా నున్నదే” యని, మఱల చూచి, “బాగున్నది” అనెను.

ఇక నా పెద్ద తప్పును చెప్పక ఈ వ్యాసము ముగించుట న్యాయము కాదు. పైదేశమున నుద్యోగము చేయు ఒకామె, కాలముచేసిన తన తల్లి చీరలు ఆఱు తెచ్చి, అన్నిటిని కలిపి ఒక్క బొంతగా కుట్టుమనెను. వానిలో మీగడవన్నె మంగళగిరి చీర యొకటి. “ఇది అమ్మ నా పెండ్లినాడు కట్టినది, అక్కా” అని దానిని వేఱుగా నా చేతికిచ్చెను. మఱియొకటి ఎఱ్ఱచీర. రంగుచీర వచ్చినచో ఒక మూలను తడిపి తెల్లగుడ్డతో నొత్తి, రంగు దిగునో లేదో చూచుట నాకలవాటు. ఆ వారము మూడు పనులు మీదబడియుండెను. ఇన్నియేండ్లు కట్టిన చీరయే గదా యనుకొంటిని. తల్లి దానిని దాచుకొన్నదే గాని కట్టలేదని నాకు తోచలేదు. ఆఱు చీరలకును కత్తెర పెట్టితిని. పండ్రెండు దినములు కుట్టి, ఇచ్చుటకు ముందు ఒకమాఱు తడిపితిని. మీగడవన్నె ముక్కలన్నియు గులాబిరంగు పట్టెను.

ఉప్పునీరు, నిమ్మరసము, ఇంక నెవరేమి చెప్పిన నది చేసి చూచితిని. మరక పలుచబడినదే గాని పోలేదు. ఆ రాత్రి మా అత్తగారు దీపము దగ్గఱ నాతో కూర్చుండి, “ఆ పిల్ల చూచి అడుగకముందే నీవు చెప్పుము” అనెను.

చెప్పితిని. ఆమె బొంతను ఒడిలో వేసికొని, ఆ గులాబి మరకపై అరచేయి ఉంచి, చాలసేపు కూర్చుండెను. నన్నొక్క మాట అనలేదు. సొమ్ము పూర్తిగా లెక్కించి పీటపై పెట్టెను. నేను వలదని వీధివఱకు వెంటబోయి తిరిగి యిచ్చితిని. లెక్క చూడకయే సంచిలో వేసికొని పోయెను. తరువాత ఆమెనుండి ఏ వార్తయు లేదు. ఆమె ఫోను సంఖ్య నావద్ద నున్నది. అడుగుటకు ధైర్యము చాలలేదు.

ఇప్పుడు తడిపి చూచు పని మా అత్తగారిది. తెల్లగుడ్డయు చెంబుతో నీళ్లును పెట్టుకొని వసారాలో కూర్చుండి, ప్రతి చీర మూలను ఒత్తి చూచి, దిగనిదానిని కుడివైపునను, దిగుదానిని ఎడమవైపునను వేయును. మొన్న వచ్చిన ఏడు చీరలలో ఒక ఎఱ్ఱపట్టంచు చీర మూడు నీళ్లు మార్చినను తెల్లగుడ్డను తడవతడవకు ఎఱ్ఱజేయుచునే యున్నది. అది ఆ తెచ్చినామె అమ్మమ్మ పెండ్లిచీరయట. నడుమ అదియే ఉండవలెనని ఆమె కోరిక. ఆదివారము వచ్చును. ఏమి చెప్పవలెనో యని నేనును మా అత్తగారును ఇంకను ఆలోచించుచున్నాము.