వెగాస్‌లో ఆడలేదు... బిళ్ళలు ఏరుకున్నా!

లాస్ వెగాస్ వెళ్ళొచ్చినవాళ్ళు ఏం తెచ్చుకుంటారు? బెలాజియో ఫౌంటెన్ దగ్గర సెల్ఫీలు, ఫ్రిజ్‌కి అంటించే మాగ్నెట్లు, కాస్త తేలికైన జేబు. నేను మాత్రం ఆరు డాలరు బిళ్ళలు తెచ్చుకున్నా. వాటికోసం ఫీనిక్స్ నుంచి దాదాపు 300 మైళ్ళు కారు నడిపా. తెచ్చిన వారంలోనే ఆరింట్లో నాలుగు పోస్టులో ఒహాయో వెళ్ళిపోయాయి. అమ్మలేదు. బదులుగా వేరే బిళ్ళలొచ్చాయి.

అవును, ఇదో హాబీ. స్టాంపులు, పాత నాణేలు దాచుకున్నట్టే కాసినో చిప్స్ దాచుకునేవాళ్ళు అమెరికాలో బోలెడుమంది ఉన్నారు. 1988లోనే వాళ్ళకొక సంఘం ఏర్పడింది. మనుషులు కలుసుకునేది ఎప్పుడో ఒకసారి. మిగతా రోజుల్లో మార్పిడంతా పోస్టులోనే. నా దగ్గర రెండున్నది నీకు, నీ దగ్గర రెండున్నది నాకు. చిన్నప్పుడు మనం డబ్ల్యూడబ్ల్యూఈ కార్డులు మార్చుకోలేదూ? అచ్చం అలాగే.

అమ్మకి చెబితే...

మాది భీమవరం పక్కన పల్లె. సంక్రాంతికి మా వైపు కోడిపందేలు, పేకాట ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. మా చిన్నతాత రెండెకరాల చేను పేకాటలోనే పోగొట్టాడు. అప్పట్నించి మా ఇంట్లో పేకముక్క కనబడకూడదని నాయనమ్మ ఆర్డర్. ఇప్పటికీ అదే రూలు.

అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి. వీకెండ్‌కి వెగాస్ వెళ్తున్నానంటే అమ్మ ఊరుకుంటుందా?

"అక్కడ జూదం తప్ప ఏముందిరా?"

"ఆడటానికి కాదమ్మా. బిళ్ళలు తెచ్చుకోడానికి."

"మీ చిన్నతాత కూడా చూడ్డానికే వెళ్తున్నాననేవాడు" అని ఫోన్ పెట్టేసింది.

నిజానికి నాకు ఈ పిచ్చి పట్టించింది ఆట కాదు, ఒక పేరు. రెండేళ్ళ కిందట చాండ్లర్‌లో ఒకరింటి ముందు గరాజ్ సేల్‌లో పాత డబ్బా ఒకటి కొన్నా. అడుగున ఒక చిప్ ఉంది. దాని మీద 'డ్యూన్స్, లాస్ వెగాస్' అని రాసుంది. ఆ హోటల్ ఎక్కడుందా అని వెతికితే 1993లోనే కూల్చేశారని తెలిసింది. ఆ స్థలంలోనే ఇప్పుడు బెలాజియో ఉంది. అంటే మనవాళ్ళంతా ఫౌంటెన్ ముందు నిలబడి ఫొటోలు దిగేది డ్యూన్స్ ఉన్న చోటే! వెగాస్ అంతా ఇంతే. సాండ్స్ పోయి వెనీషియన్ వచ్చింది. హాసియెండా పోయి మాండలే బే వచ్చింది. స్టార్‌డస్ట్ పోయి రిసార్ట్స్ వరల్డ్ వచ్చింది. పాతదాన్ని బాంబులు పెట్టి పేల్చేసి, ఆ మట్టిలోనే కొత్తది కట్టేస్తారు. పాత హోటల్ తాలూకు చేతిలో పట్టుకోగలిగే వస్తువేదైనా మిగిలిందంటే, ఎవరో జేబులో వేసుకెళ్ళిపోయిన ఒక బిళ్ళే.

జేబులో ఉన్నా మీది కాదు

చిప్ వ్యాసం సుమారు 39 మిల్లీమీటర్లు. మన పాత రూపాయి బిళ్ళ కంటే పెద్దది. 'క్లే' అంటారు గానీ వట్టి మట్టి కాదు. ఇంకా ఏవేవో కలిపి, వేడి చేసి, గట్టిగా అదిమి తయారుచేస్తారు. అంచున రంగు మచ్చలుంటాయి. మామూలుగా ఎరుపైతే అయిదు డాలర్లు, ఆకుపచ్చైతే పాతిక, నలుపైతే వంద. బిళ్ళ చుట్టూ టోపీ, చేతికర్ర గుర్తులు అచ్చువేసి ఉంటే అది పాల్‌సన్ తయారీ అని కలెక్టర్లు చూడగానే చెప్పేస్తారు.

ఇక్కడో తమాషా ఉంది. నెవాడా నిబంధనల ప్రకారం చిప్ కాసినో సొత్తే. మన చేతిలో ఉన్నది కేవలం 'ఇంత బాకీ ఉన్నాం' అనే గుర్తు. అంటే ప్రాంసరీ నోటు లాంటిదన్నమాట. కాసినో మూతపడితే చిప్స్ తెచ్చిచ్చి డబ్బు తీసుకోడానికి కనీసం 120 రోజులు గడువివ్వాలి. ఆ తర్వాత? మీ చేతిలోది రంగు బిళ్ళ, అంతే.

2010 డిసెంబర్లో బెలాజియోలో జరిగిన దొంగతనం వినే ఉంటారు. హెల్మెట్ పెట్టుకున్నవాడొకడు 15 లక్షల డాలర్ల చిప్స్ ఎత్తుకుని బైక్ మీద పారిపోయాడు. కాసినో ఏం చేసింది? తమ పాతికవేల డాలర్ల చిప్స్ 2011 ఏప్రిల్ 22 తర్వాత చెల్లవని ప్రకటించేసింది. మార్చుకోడానికి వెళ్తే దొరికిపోతాడు, వెళ్ళకపోతే అవి చెత్త. చివరికి అమ్మబోయి దొరికిపోయాడు.

డబ్బుగా విలువ పోయిన చిప్‌కే కలెక్టర్ల దగ్గర విలువ మొదలవుతుంది. ఆ సంగతి మా ఒహాయో పెద్దాయన చెప్పారు.

ఒహాయో నుంచి ఒక కోరిక

ఆ పెద్దాయన్ని నేను ఇప్పటిదాకా చూళ్ళేదు. డ్యూన్స్ చిప్ గురించి అడగబోయి పరిచయమయ్యారు. రిటైరై చాలా ఏళ్ళయింది. ఆయన దగ్గర మూడువేల పైచిలుకు బిళ్ళలున్నాయి. మా మొదటి మార్పిడికి ముందు ఫోన్‌లో ఒకటే చెప్పారు: ఈ ఆటలో కొత్తగా వచ్చినవాడు ముందు పంపాలి, పాతవాడు అందాక పంపుతాడు. సంతకాల్లేవు, అడ్వాన్సుల్లేవు. ముక్కూమొహం తెలియని మనిషికి నా చిప్ పోస్టు చేసి, ఆరు రోజులు డబ్బా చూసుకుంటూ కూర్చున్నా. ఏడో రోజు ఆయన కవరొచ్చింది.

2024లో, ట్రాపికానా హోటల్ ఏప్రిల్ 2న మూసేస్తున్నారని తెలిశాక ఆయన ఫోన్ చేశారు. 1957లో తెరిచిన హోటల్ అది. 1971లో పెళ్ళైన కొత్తలో భార్యతో వెగాస్ వచ్చినప్పుడు అందులోనే దిగారట. అప్పటి చిప్ ఆయన దగ్గరుంది. ఆవిడ ఇప్పుడు లేరు. "మొదటిది ఉంది, చివరిది కూడా ఉంటే బావుండు. ఒకటి నాకు, మూడు నా పిల్లలకి" అన్నారు. మోకాళ్ళ నొప్పులు, ప్రయాణం చెయ్యలేరు. నాకైతే అయిదు గంటల డ్రైవే.

మార్చి మూడో వారంలో శనివారం పొద్దున్నే బయల్దేరా. వికెన్‌బర్గ్ దాటాక రోడ్డుకి రెండువైపులా జాషువా చెట్లు, చేతులెత్తి నిలబడ్డ మనుషుల్లా ఉంటాయి. కింగ్‌మన్ దగ్గర పెట్రోలు, కాఫీ. హూవర్ డ్యామ్ పక్కన ఎత్తైన వంతెన దాటితే నెవాడా. కాసేపటికి ఎడారి మధ్యలో ఎవరో బొమ్మలు పరిచినట్టు వెగాస్ కనిపిస్తుంది.

ట్రాపికానాలో ఏడు బిళ్ళలు

లోపల సగం ఖాళీ. తల పైకెత్తితే మాత్రం కళ్ళు చెదిరిపోయాయి. టేబుళ్ళ మీదుగా రంగుటద్దాల కప్పు, 1979లో పెట్టింది. పెద్దాయన చూసినప్పుడు అది లేదు. ఇంకో రెండు వారాలాగితే నాకూ కనిపించేది కాదు.

బ్లాక్‌జాక్ టేబుల్ దగ్గర ఆగా. డీలర్ యాభై దాటిన ఫిలిప్పీన్స్ ఆవిడ. ఆడనని, గుర్తుగా డాలరు చిప్స్ ఏడు కావాలని అడిగా. నవ్వి, సూపర్‌వైజర్‌కి చెప్పి, నా నోట్లు బల్ల మీద పరిచి లెక్కపెట్టి, ఏడు బిళ్ళలు జరిపింది. ఈ మధ్య అందరూ ఇదే అడుగుతున్నారట.

"ఇరవై రెండేళ్ళు చేశా ఇక్కడ. ఎన్ని లక్షల చిప్స్ ఈ చేతుల మీదుగా వెళ్ళాయో! మా ఇంట్లో ఒక్కటీ లేదు" అంది.

వెంటనే ఒక బిళ్ళ ఆవిడ వైపు జరిపా. మీకేనండీ, దాచుకోండి అన్నా. ఆవిడ థాంక్స్ చెప్పి, ఆ బిళ్ళని బల్ల అంచుకి టక్‌మని కొట్టి, పక్కనున్న టిప్పుల డబ్బాలో పడేసింది. డబ్బాలో పడ్డది అందరిదీ, పంచుకుంటారు. ఒక్కరు తీసుకోడానికి లేదు. కాసేపటికి డ్యూటీ మారింది. లేచేముందు రెండు చేతులూ ఒకసారి చరిచి, అటూ ఇటూ తిప్పి, పైనున్న కెమెరాకి చూపించింది. చేతుల్లో ఏమీ లేదని రుజువు. ఇరవై రెండేళ్ళుగా రోజుకి ఎన్నిసార్లు చూపించిందో మరి.

నా జేబులో ఆరు బిళ్ళలు మిగిలాయి.

సాయంత్రం డౌన్‌టౌన్ వెళ్ళా. ఫ్రీమాంట్ స్ట్రీట్‌లో సర్కా అని 2020లో తెరిచిన హోటలుంది. ఆ స్థలంలోనే ఒకప్పుడు గోల్డెన్ గూస్ అనే చిన్న కాసినో ఉండేది. 1970ల్లో అక్కడ అయిదు డాలర్లకి ఇచ్చిన చిప్ ఒకటి 2014లో వేలంలో 75,000 డాలర్లు పలికింది! ఎందుకంత? మిగిలినవి అంత తక్కువ కాబట్టి. అప్పట్లో ఎవరికీ దాచుకోవాలనిపించలేదు. డబ్బిచ్చి మార్చుకున్నారు, వెళ్ళిపోయారు. చూశారా, అందరూ బుద్ధిగా వెనక్కిచ్చేసినవే ఇవాళ బంగారం. అలాగని ఈ హాబీతో కోటీశ్వరులవుదామనుకోకండి. మామూలు డాలరు చిప్‌కి ఇంకో డాలరు చిప్పే వస్తుంది.

కవరులో ఎలా పెట్టాలంటే

చిప్‌ని ఉత్త కవర్లో పడేసి పంపితే గోవిందా. ఉత్తరాలు వేరుచేసే మెషిన్లలో కవర్లు రోలర్ల మధ్య నలుగుతూ పరిగెడతాయి. గట్టి బిళ్ళ ఉంటే కవరు చిరిగి బిళ్ళ బయటికి ఎగిరిపోతుంది. అందుకే రెండు అట్టముక్కల మధ్య పెట్టి, కదలకుండా టేపు వేసి, బబుల్ కవర్లో పంపాలి. టేపు చిప్‌కి మాత్రం తగలకూడదు, బొమ్మ ఊడొస్తుంది.

ఒకసారి టెక్సస్ నుంచి ఒకాయన పంపిన కవరు నాకు ఖాళీగా వచ్చింది. అంచున చిన్న చిరుగు, లోపల అట్టముక్క మాత్రమే. నేను ఫొటో తీసి పంపా. నిజంగా పోయిందో, నేనే చింపి నాటకమాడుతున్నానో ఆయనకేం తెలుసు? ఒక్క ప్రశ్న అడగలేదు. నాలుగు రోజుల్లో ఇంకో చిప్ పంపారు. ఈసారి కవరు చుట్టూ మూడు వరసల టేపు!

నాకు ఈ హాబీలో నచ్చింది అదే. ఈ బిళ్ళని తయారుచేసింది మనుషుల దగ్గర డబ్బు లాగడానికి. దాని చుట్టూ కెమెరాలు, కాపలాలు, చేతులు తిప్పి చూపించడాలు. అదే బిళ్ళ పోస్టులో పడ్డాక మాత్రం నడిచేది ఒక మనిషి మాట మీద. వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తే తిప్పి తిప్పి చూడమంది. "డబ్బిచ్చి కొని, ఆడకుండా ఇంటికి తెచ్చావా? మీ చిన్నతాతకి ఈ తెలివుంటే ఆ రెండెకరాలూ ఉండేవిరా" అని నవ్వింది. వెగాస్ పేరెత్తితే అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

బాకీ

ఒహాయోకి నాలుగు బిళ్ళలు పంపితే, తిరుగు కవర్లో ఆరొచ్చాయి. సాండ్స్‌వి రెండు, స్టార్‌డస్ట్‌వి రెండు, రివియేరావి రెండు. నావాటికంటే ఎన్నో రెట్లు విలువైనవి. ఇది న్యాయం కాదండీ అని ఫోన్ చేశా. పిల్లలకి వీటి మీద ఆసక్తి లేదట. తను పోయాక మూడువేల బిళ్ళలూ ఎవరో ఒకరికి తూకానికి ఇచ్చేస్తారని ఆయన బెంగ. అందుకే ఒక్కో కవరులో కొన్ని ఎక్కువేసి, దాచుకుంటారనిపించినవాళ్ళకి పంపేస్తున్నారు. పిల్లలకి ట్రాపికానా బిళ్ళలు మాత్రం ఇచ్చారట. అది చిప్ అని కాదు, అమ్మానాన్నలు మొదట దిగిన చోటని.

2024 అక్టోబర్ 9న తెల్లవారుజామున ట్రాపికానా టవర్లు రెండూ కూల్చేశారు. ముందు బాణాసంచా, డ్రోన్ల షో, తర్వాత దుమ్ము. పెద్దాయన టీవీలో చూశారు. నేను ఫోన్లో చూశా. అంతకుముందు జులైలోనే మిరాజ్ కూడా మూతపడింది.

లెక్క ప్రకారం ఆయనకి నేనింకా రెండు బిళ్ళలు బాకీ. ఈ బాకీకి గడువూ లేదు, గుర్తుచేసేవాళ్ళూ లేరు. వచ్చే నెల కొలరాడో నది ఒడ్డున లాఫ్లిన్ వెళ్తున్నానని చెప్పగానే ఆయన నుంచి జాబితా వచ్చేసింది: లాఫ్లిన్, డాలరు బిళ్ళలు, రెండు చాలు.