ముప్ఫై ఒకటో ఫ్రేము

నేను ఫోటోలు తీయడం నేర్చుకున్నది అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో. ఫోటోగ్రఫీ మీద ఇష్టంతో కాదు, అవసరం కొద్దీ. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలై ఇప్పుడు స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అని పిలుచుకుంటున్న ఆ భవనంలో, నా పిహెచ్‌డి కోసం పాత పత్రికల్లో ఆడవాళ్ళ రాతలు వెతుక్కుంటూ ఏళ్ళు గడిపాను. చేత్తో ముట్టుకుంటే పెళుసుగా విరిగే కాగితాలు. పెద్ద పేజీని ఒక్క ఫోటోలో పట్టిస్తే అక్షరాలు అలుక్కుపోయేవి. అందుకని అనుమతి తీసుకుని పేజీని నాలుగు ముక్కలుగా, ఒక ముక్క అంచు రెండో దాంట్లోకి వచ్చేలా తీసేదాన్ని. ఇంటికెళ్ళి కంప్యూటర్‌లో అతికిస్తే కింద మూలన చిన్న అక్షరాల్లో వేసిన ఒక స్త్రీ పేరు కూడా చదవగలిగేంత స్పష్టంగా వచ్చేది. అలా దొరికిన పేర్లే నా సిద్ధాంత గ్రంథం.

ఈ విద్య గురించి విన్న నా స్నేహితురాలు ఒకరోజు ఫోన్ చేసింది. తను ఇంజనీరింగ్ విద్యార్థులకి పాఠాలు చెప్తుంది. నాంపల్లి దగ్గర ఒక కాలేజీ హాల్లో విద్యార్థుల రోబోల పోటీ జరుగుతోందనీ, మొత్తం హాలు ఒకే ఫోటోలో రావాలనీ, దగ్గరికి లాగి చూస్తే ప్రతి బల్లా కనిపించాలనీ అడిగింది. “పేజీ బదులు హాలు అనుకో” అంది. సరేనన్నాను. ఇలాంటి పోటీల ఫోటోల్లో ఆడపిల్లలు ఎప్పుడూ బొకే అందిస్తూనో, జ్యోతి పళ్ళెం పట్టుకునో కనిపిస్తారు. రోబో చేసేవాళ్ళుగా కూడా కనిపించాలని నా ఆశ.

పని చూడ్డానికి సులువే. కెమెరాని స్టాండు మీద పెట్టి కొద్దికొద్దిగా తిప్పుతూ తీయాలి. అయితే అది లెన్సులోని ఒక బిందువు చుట్టూ తిరగాలి. ఆ బిందువు తప్పితే ముందున్న బల్ల, వెనకున్న గోడ ఒక ఫోటోకీ ఇంకో ఫోటోకీ మధ్య పక్కకి జరిగిపోతాయి, అతుకు కుదరదు. వెలుతురు, ఫోకస్ మొదట్లోనే బిగించేయాలి. ప్రతి ఫోటోలో దాదాపు మూడోవంతు పక్కదానితో కలవాలి. నాలుగు వరసలు, వరసకి పద్నాలుగు. మొత్తం 56 ఫోటోలు, ఐదారు నిమిషాలు. అతికించాక 60 కోట్ల పిక్సెళ్ళకు పైనే వచ్చింది.

2009 జనవరి 20న ఒబామా ప్రమాణ స్వీకారాన్ని డేవిడ్ బెర్గ్‌మన్ అనే ఫోటోగ్రాఫర్ ఇలాగే 220 ఫోటోలు తీసి, 147 కోట్ల పిక్సెళ్ళ ఒకే చిత్రంగా కూర్చాడు. అతని కెమెరాని తిప్పింది గిగాపాన్ అనే చిన్న యంత్రం. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమూ నాసా కలిసి చేసిన పనిలోంచి పుట్టింది అది. అంగారకుడి మీది రోవర్లు పంపిన విశాల దృశ్యాలు దానికి ప్రేరణ. ఎవరూ లేని గ్రహాన్ని చూడ్డానికి పుట్టిన చూపు మనుషుల గుంపు మీదికి తిరిగితే ఏమవుతుందో ఆ రోజు నాంపల్లిలో నాకు తోచలేదు.

ఆ రాత్రి ఇంట్లో చిత్రాన్ని పెద్దది చేసి చూసుకున్నాను. వేదిక మీద పెద్దలు కదలకుండా కూర్చున్నారు కాబట్టి అద్భుతంగా వచ్చారు. ముఖ్య అతిథి శాలువా అంచులో పోగులు లెక్కపెట్టొచ్చు. కింద పనిచేస్తున్న పిల్లలు మాత్రం ముక్కలయ్యారు. ఒక ఫోటోలో ఉన్న మనిషి ఆరు సెకన్ల తర్వాత తీసిన పక్క ఫోటోలో లేకపోతే, అతికే చోట సగం భుజమో తల లేని జడో మిగులుతుంది. ఒకమ్మాయి రెండు చోట్ల ఉంది. అన్నీ చూస్తుందనుకున్న ఈ చూపు కూడా కదలని వాళ్ళకే మర్యాద చేస్తుందని అర్థమైంది. అతుకులు సరిచేస్తూ మూడు రాత్రులు కూర్చున్నాను.

కుడివైపు మూల బల్ల దగ్గర నలుగురు ఆడపిల్లల జట్టు. వాళ్ళది తెల్లటి ఫ్లెక్సీ మీద నల్ల గీతని వెతుక్కుంటూ పోయే బండి. మోటార్లూ సెన్సార్లూ కోఠీ గుజరాతీ గల్లీలో బేరమాడి కొన్నామని చెప్పారు. ఆ పోటీలో వాళ్ళదే మొదటి బహుమతి. ముప్ఫై ఒకటో ఫ్రేములో నాలుగో అమ్మాయి వంగి వైరుకి సోల్డరింగ్ చేస్తోంది. కనుబొమలు ముడిపడి, పెదవి పళ్ళ మధ్య నొక్కిపట్టి, ప్రపంచాన్ని మరిచిన ముఖం. నేను తీసిన వాటిలో అంత మంచి ముఖం ఇంకొకటి లేదు.

చిత్రాన్ని ఎవరైనా దగ్గరికి లాగి చూసుకునేలా కాలేజీ వాళ్ళ వెబ్‌సైటులో పెడతారని తెలిసిన రోజే ఆ అమ్మాయి నా నంబరు కనుక్కుని ఫోన్ చేసింది.

“మేడమ్, నా మొఖం రావొద్దు మేడమ్. ఇంట్ల తెల్వదు. అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి పోతున్ననని చెప్పొచ్చిన.”

వాళ్ళ నాన్న కొట్టు అటుపక్కే. లైబ్రరీ అంటే ఏమీ అనరట. రాత్రి దాకా మగపిల్లలతో పోటీ అంటే మాత్రం చదువే మాన్పిస్తారట, సంబంధాలు చూస్తున్నారు కూడా. నాకు నవ్వూ దుఃఖమూ ఒక్కసారే వచ్చాయి. పదిహేనేళ్ళ కింద నేనూ ఆ లైబ్రరీ పేరే చెప్పి స్త్రీల సభలకి వెళ్ళేదాన్ని. ఆ గ్రంథాలయం మాలో ఎంతమందికి పుస్తకాలిచ్చిందో తెలీదు గానీ, ఎంతోమందికి సాకునిచ్చింది.

ముఖాలన్నీ మసకయ్యేలా చిత్రాన్ని చిన్నది చేసి ఇద్దామనుకున్నాను. స్నేహితురాలి ద్వారా ఆ సంగతి తెలిసి జట్టులో ఇంకో అమ్మాయి నా మీదికొచ్చింది. “గెలిచింది మేము మేడమ్. స్టేజి మీద సార్ల మొఖాలు మాత్రం మంచిగ కనవడాల్నా?” జవాబు లేదు నా దగ్గర. రక్షణ పేరుతో అందరి ముఖాలూ కప్పేయడం మనకి తెలియని పనా?

1892లో రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, కెన్నీ లెవిక్ అనే ఆంగ్లేయ మహిళకి అప్పగించాడు. కెమెరా వెనక స్త్రీ ఉంటే చాలనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, తీసేది నేనే కదా అని. కానీ ఫోటో తీసిన చోట ఆగదు. ఎవరి చేతికి వెళ్తుంది, ఎవరు ఎంత దగ్గరికి లాగి చూస్తారు అన్నది తీసేవాళ్ళు ఆడవాళ్ళయినంత మాత్రాన తేలే ప్రశ్న కాదు. 2017లో అఫ్ఘాన్ అమ్మాయిల రోబో జట్టుకి అమెరికా రెండుసార్లు వీసా నిరాకరించింది. లోకానికి తెలిసి గొడవయ్యాకే వాషింగ్టన్ పోటీకి రానిచ్చారు. తెలియడమే తలుపు తెరిచింది. 2021 ఆగస్టులో తాలిబన్లు తిరిగి వచ్చాక ఆ జట్టులో కొందరు దేశమే వదలాల్సి వచ్చింది. కనబడటం ఎప్పుడు రెక్క అవుతుందో ఎప్పుడు ఉచ్చు అవుతుందో బయటినుంచి నేను చెప్పలేను.

అందుకని ఆలస్యంగానైనా ఒక్కొక్కరినీ అడిగాను. ముందే చేయాల్సిన పని అది. ముగ్గురు ముఖాలూ పేర్లూ కావాలన్నారు. నాలుగో అమ్మాయి వద్దంది.

ముప్ఫై రెండో ఫ్రేము తీసేసరికి ఆ అమ్మాయి స్క్రూడ్రైవర్ కోసమో దేనికోసమో పక్కకి వెళ్ళింది. బల్ల ఆ రెండు ఫ్రేములూ కలిసే చోటే ఉంది. అలాంటి చోట ఏ ఫ్రేము ఉంచాలో సాఫ్ట్‌వేర్‌లో మనమే గీత గీసి చెప్పొచ్చు. ముప్ఫై రెండోది ఉంచాను. ఇప్పుడు అక్కడ ఖాళీ స్టూలు, స్టాండులో పెట్టిన సోల్డరింగ్ ఐరన్. అతుకు ఎక్కడుందో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మౌసుతో ఆ గీత గీస్తుంటే చెయ్యి ఆడలేదు. రాతల్లోంచి జారిపోయిన స్త్రీలని వెతకడానికి ఐదేళ్ళు పెట్టినదాన్ని. ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివి ఈ దారికొచ్చినదాన్ని. ఒక స్త్రీని నా చేత్తోనే, అంత శుభ్రంగా తీసేశాను. ఆ అమ్మాయి అడిగింది కాబట్టి చేశాను, తప్పని అనుకోను. కానీ నేను లైబ్రరీలో వెతికి దొరకలేదనుకున్న వాళ్ళలో కూడా ఇలా తామే వద్దనుకున్న వాళ్ళు ఉండి ఉంటారని మొదటిసారి తోచింది. మారుపేర్లతో రాసినవాళ్ళు, ఇంటిపేరు దాచుకున్నవాళ్ళు. వాళ్ళందరినీ ‘చెరిపివేత’ అనే ఒక్క మాట కింద రాసేశాను నా గ్రంథంలో.

చిత్రం కింద వివరంలో ‘నలుగురి జట్టు’ అనే రాయమన్నాను. పేర్లు మూడే ఉన్నాయి. లెక్క తప్పిందని కాలేజీ నుంచి ఒకరు ఫోన్ చేశారు. తప్పలేదని చెప్పాను.

56 ఫ్రేములూ నా దగ్గరే భద్రంగా ఉన్నాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు ముప్ఫై ఒకటోది తిరిగి పెట్టొచ్చని ఆ అమ్మాయికి చెప్పాను. కాసేపు ఆలోచించి అంది:

“ఇంజనీరింగ్ అయినంక అడుగుత మేడమ్. అందాక పారెయ్యకుండ్రి.”