చేతులు ఆన్చకుండా లేవండి!

పిల్లలూ, నేలమీద బాసింపట్టు వేసుకు కూచోండి. ఇప్పుడు చేతులు ఎక్కడా ఆన్చకుండా లేవండి చూద్దాం. లేచారా? మిమ్మల్ని పైకెత్తినవి ముఖ్యంగా మీ తొడల కండరాలూ, తుంటి కండరాలూను.

నేను హెడ్మాస్టరుగా పనిచేసిన ఒక ఊళ్ళో, ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఇట్లా లేవలేకపోయేది. బెంచీ పట్టుకునో, మోకాళ్ళమీద చేతులు వేసి అదుముకునో లేచేది. మేడమెట్లు ఆగి ఆగి ఎక్కేది. డ్రిల్లు మాస్టరుగారు సోమరితనం అన్నారు. ఇంట్లోవాళ్ళూ అదే మాట అన్నారు. నాకు అట్లా తోచలేదు. సోమరి అయితే లేవడానికి అంత పాటు ఎందుకు పడుతుంది? తండ్రిని పిలిపించి, ఆస్పత్రికి తీసుకుపొమ్మన్నాను. రక్తపరీక్షలో విటమిన్ డి మరీ తక్కువగా ఉన్నట్టు తేలింది.

కండరం బిగియాలంటే కాల్షియం కావాలి. తిన్న తిండిలోంచి కాల్షియాన్ని పేగులు చక్కగా పీల్చుకోవాలంటే విటమిన్ డి కావాలి. ఇది బాగా తగ్గితే ఎముకలు నొప్పి పెడతాయి, తొడలూ తుంటీ బలం కోల్పోతాయి. డాక్టరుగారు లెక్క ప్రకారం మందిచ్చారు. మూడు నెలలకు ఆ పిల్ల మెట్లు ఆగకుండా ఎక్కింది. (ఈ మందు మీ అంతట మీరు మింగకూడదు సుమా! ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి.)

1922లో అమెరికాలో మెకాలం అనే శాస్త్రజ్ఞుడు కాడ్ చేప నూనెలో ఈ విటమిన్ ఉన్నదని కనిపెట్టాడు. ఎ, బి, సి పేర్లు అప్పటికే అయిపోయాయి గనక దీనికి డి మిగిలింది. చేపల్లోనూ, గుడ్డు పచ్చసొనలోనూ కొంత ఉంటుంది గాని, అన్నంలో, పప్పులో వెతికితే దొరకదు. అయితే ఎండ తగిలితే మన చర్మమే దీన్ని తయారు చేస్తుంది!

"ఎండలు మండే మన దేశంలో కొరతేమిటి?" అంటారేమో. తిరుపతి ప్రాంతంలో వైద్యులు పరీక్షించి చూస్తే, ఆరోగ్యంగా కనిపించేవారిలో కూడా చాలామందికి ఇది చాలలేదు. ఎండ వీధిలో ఉంటే సరిపోదు, ఒంటిమీద పడాలి. ఆ అమ్మాయి బడికి వ్యానులో వచ్చి, వ్యానులో వెళ్ళి, సాయంత్రమంతా ట్యూషనులో కూచునేది. కిటికీ పక్కనే కూచున్నా లాభం లేదు. విటమిన్‌ను తయారుచేసే కిరణాలను అద్దం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది.

పొద్దుటి లేత ఎండలో కూడా ఆ కిరణాలు తక్కువే. అవి బాగా ఉండే వేళ తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు. వాకిట్లో నిలబడి మీ నీడ చూసుకోండి. అది మీకంటే పొట్టిగా ఉంటే అదే వేళ. మండువేసవిలో మాత్రం కొద్ది నిమిషాలు చాలు, తరవాత చెట్టు నీడకు పోవచ్చు.